ఎడమవైపు ఆరో పక్కటెముక

వోన్‌జు,
1994 అక్టోబరు 9.

మున్‌హో బాబాయ్ గారికి,

నమస్కారం. ఈ చేతిరాత మీరు గుర్తుపట్టలేరు. నేను బాంగ్ గ్యుచోల్ కూతురు యున్‌సిల్‌ని. చిన్నప్పుడు గని దీపాల గది మెట్ల మీద కూర్చుని, మీరు తుడిచి పెట్టిన దీపాల మీది అంకెలు పైకి చదివేదాన్ని. ఎనిమిదిని తలకిందులు చేసినా మాట మార్చదు, అది నమ్మదగ్గ అంకె అనేవారు మీరు. మేం ఆ లోయ వదిలి పన్నెండేళ్ళయింది. నాన్న పోయి పదేళ్ళు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మీకు నమస్కారాలు చెప్పమంది.

నేనిప్పుడు ఇక్కడ ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేస్తున్నాను. హ్వాబోంగ్ గని మూసేశాక దాని కాగితాలు మా విభాగానికి వచ్చాయి. ఏటా వసంతంలో ఎక్స్‌రే బస్సు వచ్చేది గుర్తుందా? ఆ బస్సులో తీసిన ఛాతీ ఫిల్ములు పదకొండు పెట్టెలున్నాయి. తడిసి అతుక్కుపోయినవి తీసేసి, మిగిలినవి పేరు పేరునా, ఏడాది ఏడాదికీ సర్దాను.

అలా సర్దుతుంటే ఏడుగురి దగ్గర చెయ్యి ఆగిపోయింది. 1977, 78 ఫిల్ముల్లో ఈ ఏడుగురికీ రాతిదుమ్ము మచ్చలున్నాయి, ఆవాలు చల్లినట్టు. 79, 80, 81 ఫిల్ముల్లో ఒక్క మచ్చ లేదు. 82లో ఆరుగురికి మచ్చలు మళ్ళీ వచ్చాయి, ఈసారి బఠాణీలంత. ఏడో మనిషికి 82 ఫిల్ము లేదు. ఆ దుమ్ము ఒకసారి లోపలికి పోతే మనిషితోనే పోతుందని మేం చదువుకున్నాం. మరి ఆ మూడేళ్ళు అది ఎక్కడికి పోయినట్టు?

ఆ ఏడో మనిషి మా నాన్న.

ఇంకొకటి. మచ్చలు లేని ఆ మూడేళ్ళ ఫిల్ములన్నిటిలో ఎడమవైపు ఆరో పక్కటెముక విరిగి అతుక్కున్న గుర్తు ఉంది. ఏడుగురికీ ఒకే చోట. 78 ఫిల్ముల్లో అది లేదు. 82లో మచ్చలు కమ్మేసి ఎముక సరిగా కనబడదు. 78 వసంతానికీ 79 వసంతానికీ మధ్య గనిలో పైకప్పు కూలి ఏడుగురికీ ఒకేసారి దెబ్బ తగిలిందా? మీరు ఏ రోజు సంగతి ఆ రోజు రాసి పెట్టుకునేవారు కదా. కాస్త వెతికి చెప్తారా?

మీ
యున్‌సిల్

*

సోయాన్‌గోల్,
1994 అక్టోబరు 21.

డాక్టర్ బాంగ్ యున్‌సిల్ గారికి,

మీ ఉత్తరం 13న అందింది. ఇక్కడ మొదటి మంచు 18న కురిసి మధ్యాహ్నానికి కరిగింది. క్యాబేజీ కోతలు అయిపోయాయి.

గని మూసేసినా నేను దీపాల గది వెనక ఇంట్లోనే ఉంటున్నాను. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. దీపాలు, గనివాళ్ళ అంకెల బిళ్ళలు అన్నీ లారీలో తీసుకుపోయారు. బిళ్ళలు తగిలించే చెక్కపలక మాత్రం గోడకే ఉంది.

మీరడిగిన దాని కోసం పుస్తకం తీశాను. 1978 నవంబరు 2న మూడో సొరంగంలో పైకప్పు కొంత కూలింది. కొందరికి దెబ్బలు తగిలాయి. ఎవరికి ఎక్కడ తగిలిందో రాసుకోలేదు.

మచ్చల సంగతి నాకు తెలియదు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. గోడకి అంటించిన పాత పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను.

అమ్మగారికి నమస్కారాలు.

సోక్ మున్‌హో

*

వోన్‌జు,
1994 నవంబరు 14.

బాబాయ్ గారికి,

నన్ను గారూ మీరూ అనకండి, ఎవరికో వచ్చిన ఉత్తరం విప్పినట్టుంది.

మీరు రాసిన తేదీతో నా లెక్క కుదిరింది. పైకప్పు కూలడం, ఏడుగురికి దెబ్బ, బహుశా కొన్నాళ్ళు పనికి దూరంగా ఉండడం, ఆ విశ్రాంతిలో ఊపిరితిత్తులు తేరుకోవడం. ఇంకా ఏదో ఉండాలి, కానీ మొదటి మెట్టు దొరికింది.

ఒక సంగతి చెప్తాను, నవ్వకండి. నాన్న 1980 ఫిల్ముని నా గది కిటికీ అద్దానికి అంటించుకున్నాను. పొద్దున ఎండ దాని గుండా వస్తుంది. మా దగ్గర నాన్న ఫోటోలు రెండే ఉన్నాయి, రెండింట్లోనూ టోపీ నీడ ముఖం మీద పడింది. ఇందులో గుండె ఎటు ఒరిగిందో కూడా తెలుస్తుంది. చివరి రెండేళ్ళూ నాన్న పడుకోలేదు, బాబాయ్. పరుపులు మడిచి వీపు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నేను పరీక్షలకి చదువుకుంటూ ఆ ఊపిరి వినేదాన్ని. లోపల ఎవరో గచ్చు మీద గులకరాళ్ళు ఈడుస్తున్నట్టుండేది. అలాంటి మనిషి ఒకప్పుడు మూడేళ్ళపాటు హాయిగా గాలి పీల్చాడని తెలిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు.

ఆ మూడేళ్ళూ వాళ్ళు ఏం తిన్నారు, ఏ ఊట నీళ్ళు తాగారు, ఏ సొరంగంలో పని చేశారు? ఏడుగురిలో బతికున్నది ఓక్ చిల్‌బోక్ గారొక్కరే అని జాబితాలో ఉంది. కొండ మీద ఆసుపత్రిలో ఉన్నారట. ఆయన్ని అడుగుతారా?

మీ
యున్‌సిల్

*

సోయాన్‌గోల్,
1994 డిసెంబరు 12.

యున్‌సిల్‌కి,

9న ఆసుపత్రికి వెళ్ళాను. దారి మంచుతో నిండింది, బస్సు కింద మలుపు దగ్గరే దింపేసింది. చిల్‌బోక్ ముక్కుకి గొట్టం పెట్టుకుని కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. బరువు బాగా తగ్గాడు. నోరు మాత్రం తగ్గలేదు.

నువ్వడిగినవన్నీ అడిగాను. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పంది కొవ్వని రాసెయ్ రా. షిఫ్టు దిగి పంది మాంసం కాల్చుకుని తినేవాళ్ళం, దుమ్మంతా దాంతోపాటు జారిపోయిందని రాయి. ఆ పిల్లకి బహుమతిస్తారు. సగం నాకివ్వమను."

నవ్వొద్దు, ఆయాసం వస్తుందని చెప్పాను.

"నవ్వకపోయినా వస్తోంది. నవ్వితే కనీసం ఎందుకొచ్చిందో తెలుస్తుంది. గ్యుచోల్ కూతురు డాక్టరయిందా? ముక్కు కారుతూ నీ మెట్ల మీద కూర్చునేది, ఆ పిల్లేనా?"

ఆ పిల్లేనన్నాను. ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకున్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. అది రాయను.

నీళ్ళు అందరూ ఒకే ఊటవి తాగారు. అందరూ మూడో సొరంగంలోనే పని చేశారు. ఎవరూ విశ్రాంతి తీసుకోలేదు.

నాదొక మాట. ఆ మూడేళ్ళ గురించి ఎక్కువ రాయకు. పెట్టెలు తడిశాయని నువ్వే అన్నావు. తడిసినవాటిని నమ్మి ఏదీ చెప్పకూడదు.

మున్‌హో

*

వోన్‌జు,
1995 జనవరి 23.

బాబాయ్ గారికి,

తడవని ఫిల్ములే తీసుకున్నాను, భయపడకండి.

పోయిన వారం సోల్‌లో పెద్ద డాక్టర్ల సభలో నా వ్యాసం చదివాను. ఇరవై ఒక్క ఫిల్ములు తెరమీద వేసి చూపించాను. చివర ఒక ముసలి ప్రొఫెసర్ లేచి, "నలభై ఏళ్ళుగా రోగులకి ఇది తగ్గదు అని చెప్తూ వచ్చాను. ఇప్పుడు వాళ్ళకి క్షమాపణ చెప్పుకోవాలేమో" అన్నాడు. వసంతంలో వ్యాసం అచ్చవుతుంది. ఇక్కడ ఎలుకలకి రాతిదుమ్ము పీల్పించి, సగం వాటికి పంది కొవ్వు పెడుతున్నాం. చిల్‌బోక్ గారితో చెప్పండి, ఎలుకలు ఆయనకి రుణపడి ఉన్నాయని. బాగా బలిశాయి.

అమ్మకి ఫిల్ము చూపించి విరిగిన ఎముక వేలితో చూపించాను. చాలాసేపు చూసింది. "మీ నాన్నకి ఎప్పుడూ ఎముక విరగలేదే. ఆ వీపు పదిహేనేళ్ళు నేను తోమాను" అంది. ఇంట్లో చెప్పకుండా దాచి ఉంటాడన్నాను. "పక్కటెముక విరిగినవాడు తుమ్మితే ఊరంతా వినిపిస్తుంది, నా దగ్గర దాస్తాడా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మకి వయసు మీద పడుతోంది.

నాన్న పోయినప్పుడు పరిహారం కోసం అమ్మ పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది మీకు తెలుసా? చివరి మూడేళ్ళ ఫిల్ములు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఇది గని జబ్బు కాదు అని రాశారు. ఆ తర్వాత అమ్మ ఎనిమిదేళ్ళు చేపలు శుభ్రం చేసే షెడ్డులో నిలబడి పని చేసింది. మోకాళ్ళు అక్కడే పోయాయి. అప్పట్లో ఆ ఫిల్ములంటే నాకు అసహ్యం. ఇప్పుడవే నాకు నాన్నని తిరిగి ఇచ్చాయి.

మీ
యున్‌సిల్

*

సోయాన్‌గోల్,
1995 ఫిబ్రవరి 11.

యున్‌సిల్‌కి,

6న చిల్‌బోక్‌కి గని జబ్బులు తేల్చే ప్రభుత్వ సంఘం నుంచి నోటీసు వచ్చింది. అతని కొడుకు తెచ్చి చూపిస్తే నకలు రాసుకున్నాను. అందులో ఉన్నదిది: రోగి ఊపిరితిత్తుల్లో మచ్చలు 1979 నుంచి 1981 వరకు లేవని ఇటీవలి పరిశోధనలో తేలింది. రాతిదుమ్ము మచ్చలు మాయం కావు. మాయమయ్యాయి కాబట్టి అవి రాతిదుమ్మువి కావు, వేరే జబ్బువి అయి ఉండాలి. మార్చి 22న సంఘం కూర్చుని రోగిని ఆసుపత్రి జాబితాలో ఉంచాలో తీసేయాలో నిర్ణయిస్తుంది.

జాబితాలోంచి తీసేస్తే మంచం పోతుంది. గొట్టం పోతుంది. ఆ గొట్టం లేకుండా అతను మరుగుదొడ్డి దాకా కూడా నడవలేడు.

నీ వ్యాసం వెనక్కి తీసుకో. ఎందుకని అడగకు.

ఇక్కడ రోజూ గాలి. పలక మీద ఇప్పుడు ఖాళీ కొక్కేలే ఉన్నాయి. గాలి వీచినప్పుడు వాటి మీంచి బిళ్ళలు కొట్టుకున్న చప్పుడొస్తోంది. పగలే. వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. నిన్న లెక్కపెట్టాను. ఏడుసార్లు మోగి ఆగింది. ఈ రోజూ ఏడే.

మున్‌హో

*

వోన్‌జు,
1995 ఫిబ్రవరి 18.

బాబాయ్ గారికి,

నేను కనుక్కున్నదాన్ని వాళ్ళు తలకిందులుగా వాడుకుంటున్నారు. నేను చెప్పింది ఊపిరితిత్తులు తేరుకున్నాయని. ఆ జబ్బు వేరని కాదు. సంఘానికి అదే రాశాను. "రెండిట్లో ఒకటే నిజం కాగలదు డాక్టర్ గారూ, మీ ఫిల్ములే సాక్ష్యం" అని జవాబిచ్చారు.

కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోమంటే ఎలా తీసుకుంటాను? అది నా పని, బాబాయ్. నాన్నది కూడా. కారణం ఉంటే రాయండి. మీకు తెలిసింది ఏదో ఉంది. అక్టోబరులోనే ఉంది. ఉత్తరం ఉత్తరానికీ మీరు గోడకి ఇంకో ఇటుక పెడుతున్నారు.

చిల్‌బోక్ గారన్న ఆ మాటేమిటి?

యున్‌సిల్

*

సోయాన్‌గోల్,
1995 మార్చి 2.

యున్‌సిల్‌కి,

చిల్‌బోక్ అన్నది ఇది. "నీ ఛాతీ చూసి ఆ పిల్ల వాళ్ళ నాన్న అనుకుంటోంది రా. ఎప్పుడు చెప్తావు?"

ఆ ఇరవై ఒక్క ఫిల్ముల్లో ఉన్నది నేను.

నాకు పందొమ్మిదో ఏట బొగ్గు బండి ఛాతీకి గుద్ది ఎడమవైపు ఎముక విరిగింది. అప్పుడే కింది పని మాన్పించి దీపాల గదికి వేశారు. అందుకే నాలోకి దుమ్ము పోలేదు. దీపాల గదివాళ్ళకి ఎక్స్‌రే తీసే నియమం లేదు. నీ పదకొండు పెట్టెల్లో వెతికినా నా పేరున ఒక్క ఫిల్ము దొరకదు.

ఎలా జరిగిందో రాస్తాను. బస్సు షిఫ్టు మారే వేళకి వచ్చేది. మూడు రోజులుండేది. పైకొచ్చినవాళ్ళని స్నానానికి పోనిస్తే ఆలస్యమని నల్ల ముఖాలతోనే వరసలో నిలబెట్టేవారు. గుమాస్తా పేరు పిలిచి టిక్కు పెట్టేవాడు. బొగ్గు పూసుకుంటే ఎవరి ముఖమైనా ఒక్కటే. 1979లో మీ నాన్న దీపాల కిటికీ దగ్గరికొచ్చి చొక్కా మీంచి నా ఛాతీ మీద తట్టాడు.

"నీది ఊరికే ఉంది కదరా. ఓసారి అరువియ్యి."

"ఛాతీ అరువేమిట్రా?"

"నలభై నిమిషాలు. మరక పడకుండా తిరిగిచ్చేస్తా."

ముందటేడు ఫిల్ములో మచ్చలు కనబడినందుకు అతన్ని హెచ్చరించి వదిలారు. మళ్ళీ కనబడితే కింది పని పోతుంది, పనితోపాటు కంపెనీ ఇల్లు పోతుంది. నువ్వు ఆరో తరగతి చదువుతున్నావు. నేను సరేనన్నాను. అతను చెప్పాడో, వాళ్ళే కనిపెట్టారో, మిగిలిన ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ప్రతివాడూ ఇంట్లో తెలియకూడదని మాట తీసుకున్నాడు. బొగ్గుపొడి పూసుకుని, పూటకి ఇద్దరి ముగ్గురి పేర్లకి పలుకుతూ బస్సెక్కాను. ఊపిరి పీల్చు, బిగబట్టు, కదలకు అని లోపలివాడు చెప్పేవాడు. ప్రతిసారీ కొత్త మనిషికి చెప్పినట్టే చెప్పేవాడు.

ఇక అసలు తప్పు. నేను ఎవరి పేరున బస్సులో ఉంటానో ఆ మనిషి పైన ఎవరికీ కనబడకూడదు. అందుకని అతను రెండో షిఫ్టుకి కూడా కిందే ఉండిపోయేవాడు. పలక మీద మాత్రం అతని బిళ్ళని 'కింద' వైపు నుంచి 'పైన' వైపుకి మార్చేవాణ్ణి, లేకపోతే గుమాస్తా పట్టుకుంటాడు. దీపాల గది మనిషి ఏ తప్పు చేసినా ఫర్వాలేదు గానీ ఆ ఒక్క తప్పు చెయ్యకూడదు. ప్రమాదం జరిగితే పలక చూసే జనాన్ని పంపుతారు.

1978 నవంబరు 2న ఏ పైకప్పూ కూలలేదు. ఆ రోజు పుస్తకంలో పొడి గాలి అని మాత్రమే ఉంది. నీకు అబద్ధం రాశాను. కూలింది 1981 ఏప్రిల్ 16న. నేను బస్సులో, మీ నాన్న పేరున, ఎక్స్‌రే యంత్రానికి ఛాతీ ఆనించి ఉన్నాను. సైరన్ మోగింది. కదలకు అన్నాడు లోపలివాడు. కదల్లేదు.

దిగి పరిగెత్తాను. కాపాడే బృందం నాయకుడు అప్పటికే పలక ముందున్నాడు. మూడో సొరంగం చివర ఎవరూ లేరు, అందరూ పైనే ఉన్నారన్నాడు. నా వైపు చూసి, "అంతేనా మున్‌హో?" అన్నాడు. నా ముఖాన బొగ్గు ఉంది. ఎందుకుందని అతను అడగలేదు. నేను అంతేనన్నాను.

గంటా పది నిమిషాలు ఆ పలక ముందు నిలబడ్డాను. ఒక్క బిళ్ళ తీసి పక్క కొక్కేనికి తగిలిస్తే చాలు. తగిలిస్తే నా ఉద్యోగం పోతుంది, ఏడుగురి పని పోతుంది. తగిలించలేదు. మీ నాన్న పాత గాలి దారి వెంట పాకి తనంతట తను బయటికొచ్చాడు. మోచేతులు చీరుకుపోయాయి. నన్ను చూసి నవ్వాడు. "పలక మీద నా బిళ్ళ ఎటుందిరా?" అన్నాడు. నేను పలక వైపు చూశాను. నవ్వు మెల్లగా పోయింది. నేను చెప్పకపోయినా అతనికి అర్థమైంది. ఆ తర్వాత రోజూ నా కిటికీ దగ్గరే దీపం తీసుకున్నాడు, అంకె మాత్రమే చెప్పేవాడు.

మరుసటేడు ఇక బస్సెక్కనని ఏడుగురికీ చెప్పాను. భయమేసి చెప్పాను, మంచితనంతో కాదు. ఆరుగురు సొంత ఛాతీలతో ఎక్కారు, మచ్చలు బయటపడ్డాయి, కింది పని పోయింది, తర్వాత ఆసుపత్రి జాబితాలోకి ఎక్కారు. మీ నాన్న బస్సు రాకముందే మిమ్మల్ని తీసుకుని కొండ అవతల చిన్న గనికి వెళ్ళిపోయాడు. అక్కడికి ఏ బస్సూ రాదు. అక్కడి దుమ్ము ఇక్కడికంటే నాలుగింతలని తర్వాత విన్నాను. నేను బస్సెక్కడం వల్ల పోయాడో, ఎక్కకపోవడం వల్ల పోయాడో పదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు.

మీ అమ్మ అర్జీ తిరిగొచ్చిందని అప్పుడే తెలుసు. ఎందుకు తిరిగొచ్చిందో ఆ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. నోరు విప్పితే ఆరుగురి కేసులూ చెడతాయని నాకు నేను చెప్పుకున్నాను. నా ఉద్యోగం పోతుందన్నది అంతకంటే ముందు వచ్చిన ఆలోచన. దాన్నే ముందు రాయాల్సింది.

చచ్చినవాళ్ళకి ఇచ్చిన మాట తప్పాను. చిల్‌బోక్ తప్పమన్నాడు. ఈ ఉత్తరం సంఘానికి చూపించు.

సోక్ మున్‌హో

*

వోన్‌జు,
1995 మార్చి 6.

సోక్ మున్‌హో గారికి,

ఉత్తరం ఒక్కటే సాక్ష్యం కాదని సంఘం అంటోంది. మార్చి 15 లోపల ఇక్కడికి వచ్చి మీ ఛాతీ ఫిల్ము తీయించుకోవాలి. బస్టాండు నుంచి మూడో వీధి, రెండో అంతస్తు. నా సహాయకుడు జిన్‌తేక్ మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తాడు. నేను ఉండను.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను.

బాంగ్ యున్‌సిల్

*

వోన్‌జు,
1995 ఏప్రిల్ 3.

బాబాయ్ గారికి,

ఇలా మొదలుపెట్టడానికి నాలుగు కాగితాలు చించాను.

చిల్‌బోక్ గారి మంచం నిలిచింది. మీ ఫిల్ముని పాతవాటి మీద పెట్టి వెలుగుకి చూశారు. ఎముక అతుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. సంఘం ఆసుపత్రికే వెళ్ళి ఆయన్ని అడిగిందట, ప్రభుత్వాన్ని ఎందుకు మోసం చేశారని. "మాకు అరువు దొరికిన ఛాతీ అదొక్కటే బాబూ" అన్నారట. ఒకాయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళాడట. మీ మీద ఏ చర్యా లేదు, గనే లేదు కాబట్టి. అమ్మ అర్జీకి గడువు ఎప్పుడో దాటింది. మళ్ళీ పెట్టాను, ఇవ్వరు.

నేను మీ దగ్గర దాచింది ఒకటుంది. సెప్టెంబరులో, ఇంకా మీకు మొదటి ఉత్తరం రాయకముందే, జిన్‌తేక్ ఫిల్ములు చూసి, "డాక్టర్ గారూ, ఇదంతా ఒక్క మనిషి కాదు కదా?" అన్నాడు. నాకు కోపమొచ్చి, వారం రోజులు అతన్ని ఎలుకల బోనులు కడగడానికి పంపాను. ఎముక చూసిన మొదటి నిమిషంలోనే నాలో ఎవరో అదే అడిగారు. మూడేళ్ళు హాయిగా ఊపిరి తీసుకున్న నాన్న కావాలి నాకు. అందుకని పైకప్పు కూల్చాను. మీరు దానికి తేదీ ఇచ్చారు.

అమ్మకి అంతా చదివి వినిపించాను. గంటా పది నిమిషాల దగ్గర లేచి వెళ్ళి వంటింట్లో నిలబడింది. తిరిగొచ్చి, "మోచేతులకి నేనే మందు రాశాను. జారిపడ్డానన్నాడు" అంది. మీ గురించి ఏమీ అనలేదు. ఇంకా అనలేదు.

మీరొచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. పక్క గది తలుపు సందులోంచి చూశాను. జిన్‌తేక్ సోక్ మున్‌హో అని మూడుసార్లు పిలిచాడు. మీరు బల్ల మీద అలాగే కూర్చున్నారు, ఇంకెవరినో పిలుస్తున్నట్టు.

ఇప్పుడు ఫిల్ముల మీద పేర్లు మార్చాలి. ఇరవై ఒకటిలో పద్దెనిమిదింటి మీద పాత పేరు కొట్టేసి మీ పేరు రాశాను. మూడు మిగిలాయి. వారమైంది. కలం పట్టుకుంటాను, పెట్టేస్తాను. అవి నాన్నవి కావని తెలుసు. ఆ పేరు కొట్టేస్తే ఆ మూడేళ్ళలో నాన్న ఎక్కడా ఉండడు. నన్నేం చెయ్యమంటారు?

యున్‌సిల్

*

సోయాన్‌గోల్,
1995 ఏప్రిల్ 10.

యున్‌సిల్‌కి,

ఉత్తరం నిన్న అందింది. రెండు రోజులుగా వాన. వాగు గోధుమరంగులో పారుతోంది, బొగ్గు లేదు.

చిల్‌బోక్‌ని చూసొచ్చాను. ఎలుకలు ఏమయ్యాయని అడిగాడు. తెలియదన్నాను.

మీ అమ్మ ఏమైనా అంటే రాయి. అనకపోయినా సరే.

ఆ మూడింటి మీద కూడా నా పేరే రాయి. మీ నాన్న అందులో లేడు. ఫిల్ము తీసిన ఆ మూడు సార్లూ అతను మూడో సొరంగం చివర, భూమికి ఆరువందల అడుగుల కింద, రెండో షిఫ్టు పని చేస్తున్నాడు. ఎవరికీ కనబడకుండా, దగ్గుతూ, ఊపిరి తీసుకుంటూ అక్కడే ఉన్నాడు.

మున్‌హో